బావి ఉందని చెప్పిన లాడ్జి

దయ్యాలను నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. ముప్పై ఏళ్ళు ఎమ్మిగనూరులో హైస్కూలు పిల్లలకు సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి. ఎవరైనా పిల్లవాడు దయ్యాన్ని చూశానంటే బోర్డు దగ్గరికి పిలిచి, ఎంత దూరంలో చూశావు, వెలుతురు ఎటువైపు నుంచి పడింది, నీడ ఉందా లేదా అని అడిగి వాణ్ణి ఏడిపించేవాణ్ణి. చేతబడి, గాలి సోకడం, తాయెత్తు, ఇవన్నీ నా ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు. తెల్ల చీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. జరిగింది కూడా పట్టపగలు, ఎండ మండిపోతున్నప్పుడు. ఇందులో ఉన్నది ఒక బావి, అంతే.

ఈ సంగతి ఇదివరకు పదిమందికి చెప్పాను. టీచర్ల గదిలో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఈసారి మింగకుండా రాయాలని కూర్చున్నాను. అందుకే ఇన్నేళ్ళు పట్టింది.

అంబక్కత్త మా నాయనకు అక్క. ఆమె భర్త మంత్రాలయం దగ్గర ఒక గుడిలో వంటశాల సేవలో ఉండేవాడు. ఆయన చిన్న వయసులోనే పోతే, ఆమె మా ఇంటికి వచ్చేసింది. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నాకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పరీక్ష ఫీజు కోసం మా నాయనతో పోట్లాడింది, అన్నీ అత్తే. నన్ను మేనల్లుడని ఎవరికీ చెప్పేది కాదు. ‘మా పిల్లోడు’ అనేది.

అత్త మడి గురించి మీకు చెప్పాలి, లేకపోతే ఇది అర్థం కాదు. ఆమె బావి నీళ్ళు తప్ప తాగదు. అవి కూడా స్నానం చేసి, తడిచీరతో, తన చేంతాడుతో తానే తోడుకోవాలి. తనకు చేతకాని రోజున ఇంట్లో వాళ్ళెవరైనా అదే పద్ధతిలో తోడి ఇవ్వాలి. కుళాయి నీళ్ళు ముట్టదు. కుళాయి లోపల తోలు బిళ్ళ ఉంటుందట. “ఆ తోలు మీద నుంచి వచ్చిన నీళ్ళు నేను యాడ తాగేది రా?” అనేది. ఇప్పుడు రబ్బరు బిళ్ళలు వస్తున్నాయని నేను ఒక పాత కుళాయి విప్పి చూపించాను. ఖర్మకొద్దీ దాంట్లో తోలు బిళ్ళే ఉంది. ఆరోజు ఆమె నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

ఆ మడిలో మనిషిని దూరం పెట్టే చెడు కూడా ఉంది. దాని మీద నేను ఆమెతో చాలాసార్లు గొడవపడ్డాను. కానీ ఒకటి. నేను ఆమెకు చెప్పిన అబద్ధం సంఘసంస్కారం కోసం చెప్పింది కాదు. అట్లా అనుకుని నన్ను మెచ్చుకోకండి. సంస్కారం కోసమైతే ముఖం మీదే చెప్పి ఉండేవాణ్ణి.

డెబ్బైల చివర్లో ఒక వేసవి. అత్తకు రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. మనిషి ఎదురుగా ఉంటే నీడలాగా కనిపిస్తుంది, అంతే. గోడ తడుముకుంటూ తిరిగేది. ఆదోనిలో ఒక కంటి డాక్టరు ఆపరేషను చేస్తానన్నాడు. తరువాత వారం, పది రోజులు రోజూ కట్టు మార్చాలి, దగ్గర్లో ఉండండి అన్నాడు. ఆమె బస ఎక్కడో చూసే పని నామీద పడింది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, స్కూలుకు సెలవులు. ఒక ఆదివారం ఆదోని పోయి రెండు చోట్లు చూశాను.

ఒకటి కొండ కింద పాతవూళ్ళో మా వాళ్ళ సత్రం. రాతి బండల వాకిలి, మడివంటకు వేరే గది, నడిమధ్య బావి. అత్తకు అచ్చంగా సరిపోయే చోటు. కానీ అక్కడ ఉంటే నేను కూడా తెల్లవారకముందే లేచి తలస్నానం చేయాలి, తడిపంచెతో నీళ్ళు తోడాలి. బయట కాఫీ తాగి వస్తే లోపలికి రానివ్వరు. సిగరెట్టు మాట ఎత్తకూడదు. పొద్దుగూకితే తలుపులేసేస్తారు.

రెండోది స్టేషన్ రోడ్డు వైపు కొత్తగా కట్టిన లాడ్జి. డాక్టరు ఇంటికి నాలుగు అడుగులు. బస్టాండు దగ్గర. గదిలో ఫ్యాను, వరండా చివర కుళాయి, కింద కాఫీ హోటలు, ఎదురుగా సినిమా హాలు. మేడ మీది గదిలోంచి చూస్తే హాలు పోస్టరు కనిపిస్తోంది. నేను ఆ పోస్టరు వైపు ఎక్కువసేపే చూశాను.

లాడ్జికే మాట ఇచ్చి వచ్చాను. కళ్ళు కనపడని మనిషిని రోజూ అంత దూరం నడిపించలేం కదా అని అందరికీ చెప్పాను. మా హెడ్‌మాస్టరు కూడా మంచి చోటు చూశావయ్యా అని మెచ్చుకున్నాడు. చెప్పిన కారణం నిజమే. అసలు కారణం అది కాదని నాకొక్కడికే తెలుసు.

ఇంటికి రాగానే అత్త అడిగింది ఒకే ఒక ప్రశ్న.

“ఆడ బావి ఉండాదా రాఘూ?”

“ఉంది అత్తా. వెనకాలే.”

నోట్లోంచి అట్లా వచ్చేసింది. వచ్చిన తరువాతైనా ఆ మాట సర్దుకుని ఉండొచ్చు. సర్దుకోలేదు. ఆమెకు కళ్ళు కనపడవు కదా, కుళాయి నీళ్ళు తెచ్చి బావివి అంటే ఎవరు చెప్పొచ్చారు అనుకున్నాను. అవును, అట్లాగే అనుకున్నాను. నన్ను పెంచిన మనిషి గుడ్డితనం నాకు కలిసొస్తుందని లెక్కేసుకున్నాను. రాస్తుంటే ఇప్పుడు కూడా తల కొట్టేసినట్టుంది.

మేము బయలుదేరింది ద్వాదశి నాటి పొద్దున. ముందురోజు ఏకాదశి, ఆమెకు నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. దశమి రాత్రి తాగిన గ్లాసుడు నీళ్ళే ఆఖరు. ద్వాదశి ఘడియలు దాటకముందే స్నానం చేసి నీళ్ళు నోట్లో పోసుకుని ఉపవాసం విడవాలి. తొలిబస్సుకు పోతే ఎండ ముదరకముందే లాడ్జిలో ఉంటాం, అక్కడ బావి ఉంది కదా, స్నానం, పూజ అన్నీ అక్కడే అనుకుంది. రెండు ఇత్తడి బిందెలు, పప్పు, బియ్యం, కిరసనాయిలు స్టవ్వు, చేంతాడు చుట్ట. ఆ చేంతాడును ఆమె తడుముకుంటూ సంచిలో పెట్టుకుంటుంటే నేను చూడలేక బయటికి పోయాను.

దారిలో బస్సు టైరు పేలింది. వేరే బస్సు వచ్చేదాకా తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. ఆదోని చేరేసరికి పదిన్నర. ద్వాదశి ఘడియలు అప్పటికే దాటిపోయాయి. అత్త పెదవులు ఎండి తెల్లటి పొర కట్టాయి. మెట్లెక్కేటప్పుడు రెండు మెట్లకోసారి నా భుజం పట్టుకుని ఆగింది.

ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చిన్న బిందె తీసుకుపోయి వరండా కుళాయి కింద పట్టుకొచ్చాను. సన్నటి ధార. బిందె నిండేసరికి అది కూడా ఆగిపోయింది.

“నీళ్ళు అత్తా.”

“ఎవురు తోడినారు?”

“నేనే.”

ఆమె చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుని చూసింది. పొడిగా ఉంది.

“స్నానం చేయకుండా తోడినావా? అవి కాళ్ళు కడుక్కునేదానికి పెట్టు నాయనా. బావి చూపించు, నేనే ఆడ నీళ్ళు పోసుకోని తోడుకుంటా.”

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. రిక్షా మాట్లాడి సత్రానికి తీసుకుపోయి ఉంటే అరగంట పని. నేనేమన్నానంటే, బావి దగ్గర ఎవరో మగవాళ్ళు స్నానాలు చేస్తున్నారు, డాక్టరు దగ్గర చీటీ తీసుకుని వస్తాను, అప్పుడు తీసుకుపోతాను అన్నాను.

“సరే పోయిరా. నేను పండుకోనుంటా,” అంది.

నిజంగానే డాక్టరు దగ్గరికి పోయాను. సాయంత్రం ఆరుకు రమ్మన్నారు. చీటీ పది నిమిషాల్లో అయిపోయింది. అక్కడినుంచి సత్రానికి పోయి బావినీళ్ళు అడిగి తేవాలనే అనుకున్నాను. ఇది అబద్ధం కాదు. కానీ కాఫీ హోటలు ముందు గోపి కనిపించాడు. నాతో పాటు టీచరు ట్రైనింగు చేసినవాడు. కాఫీ తాగాం, సిగరెట్టు కాల్చాం, భోంచేశాం. మధ్యాహ్నం ఆటకు పోదాం రారా అన్నాడు.

నేను పోయాను. ఇన్నేళ్ళూ మింగేసిన ముక్క ఇదే. అందరికీ డాక్టరు దగ్గర చీటీ కోసం సాయంత్రం దాకా కూర్చున్నానని చెబుతూ వచ్చాను.

పోయేటప్పుడు నా మనసులో ఉన్నదీ చెప్పేస్తాను. దాహం బాగా వేస్తే ఆమే ఆ బిందెలో నీళ్ళు తాగుతుంది, తాగేస్తే ఇక ఈ బావి గోల ఉండదు అనుకున్నాను. దశమి నుంచి నీళ్ళు లేని అరవై ఏళ్ళ మనిషి. మర్నాడు ఆపరేషను. వేసవి ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. జనరేటరుతో నడిచే హాల్లో చల్లగా ఉంది. సినిమాలో ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మధ్యలో ఒకసారి లేవబోయాను. గోపి చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. కూర్చున్నాను.

ఆట వదిలేసరికి ఐదు దాటింది. అప్పుడు పట్టుకుంది భయం. రోడ్డు దాటి మెట్లు రెండేసి ఎక్కాను. తలుపు తీస్తే ఏం చూడాల్సివస్తుందో అనుకున్నాను.

తలుపు తోస్తే పప్పు ఉడికిన వాసన వచ్చింది.

అత్త స్టవ్వు ముందు కూర్చుని ఉంది. తల తడిగా ఉంది. చీర తడిసి ఆరుతోంది. ముఖం కడిగిన ముత్యంలా ఉంది.

“వచ్చినావా? చానసేపు కూసోబెట్టినారే డాక్టరు కాడ! రా, అన్నం తిందువు. నేను తినేసినాలే, ఇంగ తట్టుకోలేకపోయినా.”

పెద్ద బిందె గోడవారన నిండుగా ఉంది. చిన్న బిందె నేను పెట్టినచోటే, నేను పెట్టినట్టే ఉంది. ఒక్క చుక్క తగ్గలేదు.

“నీళ్ళెక్కడివి అత్తా?”

“యాడివేంది? నువ్వు చెప్పిన బావివే. వెనకాల అంటివి కదా. ఎంతసేపటికీ నువ్వు రాకపోతివి, గోడ పట్టుకోని నేనే దిగి పోయినా. మంచి బావి రా! గట్టు నున్నగా ఉండాది, తాడు ఒరుసుకోని రాయికి గాడి పడిండాది. పాత బావి. అంత లోతు ఉంటుందనుకోలేదు. రెండు బిందెలు నెత్తిన కుమ్మరించుకుంటే పానం లేచి వచ్చింది.”

ఆమె అరచేతులు చూశాను. ఎర్రగా కమిలి ఉన్నాయి. కొబ్బరిపీచు నూగు అంటుకుని ఉంది.

చేంతాడు కిటికీ కమ్మీకి ఆరేసి ఉంది. దాన్ని నేను మాస్టరు బుద్ధితోనే పరీక్ష చేశాను. పన్నెండు బారల తాడు. ఒక కొస రెండు బారలు నానిపోయి నీళ్ళు కారుతున్నాయి. దాని పైన ఏడెనిమిది బారల దాకా అక్కడక్కడ తడి, మధ్యమధ్య పచ్చటి నాచు మరకలు. చివరి రెండు బారలు పొడి. బకెట్లోనో తొట్టిలోనో ముంచిన తాడు అట్లా తడవదు. లోతు నుంచి గట్టుకు రాసుకుంటూ వచ్చిన తాడే అట్లా తడుస్తుంది.

కిందికి దిగాను. లాడ్జి వెనక సిమెంటు గచ్చు వేసిన చిన్న ఖాళీ. మూడు వైపులా గోడలు. ఒకవైపు పత్తి గోడౌను గోడ, రెండు నిలువుల ఎత్తు. ఒకవైపు లాడ్జి నీళ్ళ ట్యాంకు. బావి కాదు కదా, గుంట కూడా లేదు. గచ్చు నడిమధ్య మాత్రం నాలుగు మూరల మేర తడి. చుట్టూ గచ్చు చెప్పుల్లోంచి కాలుతోంది. ఆ తడి మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది.

మేనేజరు మస్తాన్ సాబ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఆ వీధిలోనే పుట్టిపెరిగినవాడు.

“ఏం సార్, ఏం ఎతుకుతాండారు?”

“మా అత్త నీళ్ళు ఎక్కడ పట్టుకుంది సాబ్?”

“నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటి. మీరు వచ్చినాక కాసేపటికి కరెంటు పాయె, మోటారు లేదు, ట్యాంకులో సుక్క లేదు. పై రూమోళ్ళు నన్ను తిడతాండారు. మూడు గంటలప్పుడు ఆయమ్మ బిందె సంకనబెట్టుకోని దిగింది. యాడికమ్మా అంటే బావికాడికి నాయనా అనింది. పాపం కండ్లు కనపడవు, కుళాయికాడికి పోయి ఉత్త సేతుల్తో వస్తుందిలే అనుకున్న్యా. సూస్తే నిలువునా తడిసిపోయి, నిండు బిందెతో వచ్చింది!”

“ఇక్కడ బావి ఎక్కడుంది?”

మస్తాన్ సాబ్ గచ్చు మీది తడి వైపు చూశాడు.

“మీకెవురు సెప్పినారు సార్, బావి సంగతి?”

“ఎవరూ చెప్పలేదు.”

“ఉండింది సార్. ఈ లాడ్జి కట్టకముందు ఈడ పాతిల్లు ఉండె. దాని పెరట్లో బావి. సుట్టుపక్కల అన్నీ ఉప్పు నీళ్ళు, అది ఒగటే తీపి. మా అమ్మ గూడ ఈడికే వచ్చేది. కట్టేటప్పుడు పూడిపిచ్చి పైన గచ్చు పోయించినారు.”

“ఏ పక్క ఉండేది?”

“ఏ పక్కేంది సార్? మీరు నిలబడిండేది దానిమీదనే.”

నేను పక్కకు జరిగాను. మస్తాన్ సాబ్ లోపలికి పోయాడు.

పైకి వస్తే అత్త అన్నం వడ్డించింది. పప్పు వెన్నలా ఉడికింది. ఆదోని నీళ్ళకు కందిపప్పు అట్లా ఉడకదు. తరువాత గ్లాసుతో ఎత్తి నా దోసిట్లో నీళ్ళు పోసింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. వేసవిలో కిరసనాయిలు స్టవ్వు పక్కన రెండు గంటలు ఉన్న ఇత్తడి బిందెలో నీళ్ళు అంత చల్లగా ఎందుకున్నాయో నేను చెప్పలేను. దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుని ఏడ్చాను.

“నెమ్మదిగా తాగు రా, ఎవురూ ఎత్తుకపోరు,” అంది అత్త.

ఆరుకు డాక్టరుకు చూపించాం. మర్నాడు ఆపరేషను బాగా జరిగింది. రెండు కళ్ళకూ కట్టు కట్టి, కదలకుండా పడుకోమన్నారు. ఆమె ఇక కిందికి దిగలేదు. “నువ్వే స్నానం చేసి తోడుకురా నాయనా, ఈ నాలుగు రోజులు,” అంది.

నేను రోజూ పాతవూరి సత్రానికి పోయాను. ఏ తలస్నానం, ఏ తడిపంచె తప్పించుకోవాలని లాడ్జి చూశానో, అవన్నీ చేశాను. తడిపంచెతో, భుజాన బిందెతో, బజారు నడిమధ్యలోంచి మైలు పైగా నడిచి వచ్చేవాణ్ణి. కాఫీ హోటల్లో వాళ్ళు నన్ను చూసి నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. అయినా పాపం కడిగేసుకున్నట్టు అనిపించలేదు.

మొదటిరోజు ఆ నీళ్ళు ఒక గుక్క తాగి అత్త ఆగింది.

“ఇవి ఆ నీళ్ళు కావు.”

“అవే అత్తా.”

“ఎండకు కాగినట్లుండాయి. చాన దూరం మోసినావా నాయనా?”

“లేదత్తా. వెనకాలే.”

ఆమె మిగతావి తాగింది. ఆ వారమంతా అదే మాట ఇంకొకసారి అనలేదు. ఆమెకు తెలిసిపోయిందని నాకు అనిపించేది. కట్టు కింద ఆ కళ్ళు నన్నే చూస్తున్నట్టుండేది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

లాడ్జి ఖాళీ చేసేలోపు నేను చేయాల్సిన విచారణ అంతా చేశాను. గోడౌను వాళ్ళను అడిగాను, బావి లేదు. పక్క సందులో ఇళ్ళన్నీ తిరిగాను. ఒక ఇంట్లో బావి ఉంది, ఉప్పునీళ్ళు, దానికి గిలక ఉంది. గాడి పడిన రాయి లేదు. పైగా లాడ్జి ముందు నుంచి రోడ్డెక్కి చుట్టూ తిరిగిపోవాలి. మస్తాన్ సాబ్ ఆమె వెనక్కే పోయిందని, వెనక నుంచే వచ్చిందని ఒట్టేసి చెప్పాడు. ఆ గచ్చు తడి మర్నాటికి ఆరిపోయింది. మళ్ళీ తడవలేదు.

అత్తకు చూపు వచ్చింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని పంచాంగం చదువుకునేది. అక్కడితో నా కష్టాలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళందరికీ ఆదోని లాడ్జి గురించే చెప్పేది. “మా రాఘు చూసిన చోటు. డాక్టరు పక్కనే, బస్టాండు పక్కనే, వెనకాలే బావి. అంత ఊర్లో అట్లాంటి చోటు వెతికి పట్టినాడంటే చూడండి!” మా చుట్టాలు ఇంటర్వ్యూలకని, ఆస్పత్రికని ఆదోని పోతూ ఆ లాడ్జి అడ్రసు రాయమని నాకు కార్డులు వేసేవారు. గదులు దొరకడం లేదని ప్రతి కార్డుకూ జవాబు రాశాను. ఒక అబద్ధానికి ఎన్ని కార్డులు ఖర్చయ్యాయో.

ఎనభైల మొదట్లో కోసిగి నుంచి మా దూరపు మామ ఒకాయన, కార్డు వేయకుండానే నేరుగా ఆ లాడ్జికి పోయాడు. రెండు రోజులు మడినీళ్ళు లేక అవస్థపడి, ఆ కోపంతో మా ఇంటికి వచ్చాడు.

“ఏం రాఘప్పా, ఇదేనా నీ పెద్దరికం? ఆడ బావేదప్పా? నన్ను చూసి ఆ మేనేజరు పిచ్చోణ్ణి చూసినట్ల చూసినాడు!” అని వాకిట్లోనే అరిచాడు.

నేను తల వంచుకున్నాను. అత్త లోపలి నుంచి వచ్చి, “నువ్వు సరిగ్గా చూసిండవులే. నేను తోడుకున్న బావి లేకుండా యాడికి పోతుంది?” అని ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించింది.

ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. అత్త కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

“అత్తా, మామ చెప్పింది నిజం. ఆ లాడ్జిలో బావి లేదు. ఎప్పుడో పూడ్చేసినారు. నాకు సత్రంలో ఉండేది ఇష్టం లేక, నీకు కండ్లు కనపడవు కదా అని ఉందని చెప్పినా. అబద్ధం చెప్పినా అత్తా.”

ఆమె కళ్ళద్దాల్లోంచి నన్ను చూసింది. కోపం లేదు. ఏదో తెలియని భాష వింటున్నట్టు చూసింది.

“నువ్వు వెనకాల ఉందంటివి. వెనక్కి పోయినా. ఉండింది,” అంది.

“లేదత్తా.”

“పొద్దు వాలిపోతాంది, గొంతు పిడచ కట్టుకపోయింది, ఇంగ పోతానేమో అనుకున్న్యా ఆపొద్దు. లేదని చెప్పింటే మంచం మీంచి లేచేదాన్నే కాదు. మా పిల్లోడు ఉందని చెప్పినాడు కదా అని, ఆ మాట పట్టుకోని మెట్లు దిగినా.” మళ్ళీ వత్తుల మీదికి వంగింది. “నువ్వు నాకు అబద్ధం యాడ చెప్తావు రా? పో, పోయి పని చూసుకో.”

సినిమా సంగతి కూడా చెప్పాలనే కూర్చున్నాను. నోరు తెరిచాను. ఆ మాట విన్న తరువాత చెప్పలేకపోయాను. కొన్నేళ్ళకు ఆమె పోయింది. డాక్టరు దగ్గర చీటీ కోసం కూర్చుని ఆలస్యం చేశానని నమ్ముతూనే పోయింది.

ఎండదెబ్బకు మతి చెదిరి ఏదో చూసి ఉంటుందని నాతో పనిచేసిన లెక్కల మాస్టరు అన్నాడు. కావచ్చు. మతి చెదిరిన మనిషి బిందెడు తీపినీళ్ళు ఎక్కడినుంచి తెచ్చిందని అడిగితే ఆయన మళ్ళీ ఎండ సంగతే ఎత్తాడు. ఆ మధ్యాహ్నం ఆ నీళ్ళు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెక్కడున్నానో మాత్రం తెలుసు.